మడతల నక్షత్రం: మధ్యలో చిల్లు, నాలుగో వరసలో పోగులు ఎందుకు వస్తున్నాయి

ఆమిష్ వాళ్లంటే అమెరికాలో నిరాడంబరంగా బతికే ఒక క్రైస్తవ సమాజం. క్విల్టు అంటే గుడ్డ ముక్కలు అతికి, దూది పెట్టి కుట్టే బొంత, బ్లాకు అంటే అందులో ఒక చదరం. హనుమకొండ నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "ఆమిష్ పద్ధతిలో మడతల నక్షత్రం బ్లాకు మూడుసార్లు కుట్టాను. 3 అంగుళాల చదరపు ముక్కలు మడిచి, వరసకీ వరసకీ అర అంగుళం ఎడంతో అయిదు వరసలు పెట్టాను. మధ్యలో పెసరగింజంత చిల్లు మిగులుతోంది. నాలుగో వరసకి వచ్చేసరికి కింది వరస పోగులు కనిపిస్తున్నాయి, అయిదో వరసలో అడుగు గుడ్డే బయటపడుతోంది. కుట్టడం అయ్యాక మొత్తం అప్పడంలా వంకర తిరుగుతోంది. ఆమిష్ వాళ్లు కావాలనే ఒక తప్పు వదిలేస్తారట కదా, ఆ చిల్లు అలాగే ఉంచేయొచ్చా? పూల ప్రింట్లు వాడాను. వాళ్ల క్విల్టుల్లో కనిపించే ఆ నిండుతనం మాత్రం రావడం లేదు."

చిల్లు ఉంచేయొద్దమ్మా. దేవుడొక్కడే లోపం లేనివాడని ఒప్పుకోవడానికి ఆమిష్ ఆడవాళ్లు క్విల్టులో కావాలని ఒక తప్పు కుడతారన్న మాట చాలాచోట్ల తిరుగుతోంది. దానికి ఆధారం లేదు. క్విల్టుల చరిత్ర మీద పనిచేసినవాళ్లు దాన్ని కట్టుకథ కిందే లెక్కేస్తారు. పాత ఆమిష్ క్విల్టుల్లో తప్పులు లేవని కాదు, ఎవరికైనా దొర్లినట్టే వాళ్లకీ దొర్లాయి. కానీ ఆ పనిని ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే, అంగుళంలో ఎనిమిది, పది కుట్లు వరసగా చీమల బారులా నడుస్తుంటే, తెలిసి తప్పు చేసే చేతులు కావని మీకే అర్థమవుతుంది.

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. ఆమిష్ వాళ్లు ఎక్కువగా ఉండే లాంకాస్టర్ కౌంటీ మా ఇంటికి ముప్పావు గంట దూరం. పంతొమ్మిదేళ్లుగా క్విల్టులు కుడుతున్నాను, అన్నిటిలోకీ ఈ మడతల నక్షత్రమంటే నాకు ప్రాణం. మీ ప్రశ్న చదవగానే తెలిసిపోయింది, మీ చేతిలో లోపం లేదు. లోపం 3 అంగుళాల ముక్కలో ఉంది. మీరు వేసిన లెక్కతో ఎంత నేర్పున్నవాళ్లు కుట్టినా నాలుగో వరసలో పోగులు కనిపించే తీరతాయి. అందుకే ముందు లెక్క చెప్తాను, తర్వాత గుడ్డ, కుట్టు.

చదరపు ముక్కని ఉల్టా వైపు లోపలికి పోయేలా సగానికి మడవండి. మడత అంచు పైన, తెరిచి ఉన్న అంచు కింద ఉండాలి. ఇప్పుడు పై రెండు మూలల్నీ కిందికి వంచి, కింది అంచు మధ్యలో ఒకదానికొకటి ఆనించండి. త్రికోణం తయారైంది, దాని నడిమధ్య పై నుంచి కిందికి ఒక చీలిక ఉంటుంది. 4 అంగుళాల ముక్క అయితే త్రికోణం అడుగు 4 అంగుళాలు, ఎత్తు 2 అంగుళాలు. 3 అంగుళాల ముక్క అయితే అడుగు 3, ఎత్తు అంగుళంన్నర. ఏ ముక్క తీసుకున్నా మొన దగ్గర లంబకోణమే. నాలుగు లంబకోణాలు ఒకచోట కలిస్తే చుట్టు పూర్తవుతుంది కాబట్టి మొదటి వరసకి నాలుగే ముక్కలు, సందు లేకుండా సరిపోతాయి. రెండో వరస నుంచి మొనలు కేంద్రానికి దూరం జరుగుతాయి, చుట్టు పెద్దదవుతుంది, అందుకని ఎనిమిది.

అసలు కిటుకు ఇక్కడుంది. పక్కపక్కన ఉన్న రెండు త్రికోణాల మధ్య ఒక లోయ ఏర్పడుతుంది, ఆ లోయలోంచి కింది వరస కనిపిస్తుంది. ఎనిమిదేసి ముక్కలు పెట్టినప్పుడు, కేంద్రం నుంచి మొన ఎంత దూరంలో ఉందో లోయ అడుగు దానికి దాదాపు 1.85 రెట్లు దూరంలో ఉంటుంది. మొన 1 అంగుళం దగ్గరుంటే లోయ 1.85 దగ్గర ముగుస్తుంది. మొన అంగుళంన్నర దగ్గరుంటే లోయ 2.77 దాకా పోతుంది. మొన 2 అంగుళాల దగ్గరుంటే 3.7 దాకా. ప్రతి వరసకీ మొన అర అంగుళమే జరుగుతోంది, లోయ మాత్రం ముప్పావు అంగుళం కంటే ఎక్కువే జరుగుతోంది. అంటే కింది వరస గుడ్డ లోయ వెంట పరిగెత్తలేక వెనకబడిపోతోంది.

మీ బ్లాకులో నాలుగో వరస మొన అంగుళంన్నర దగ్గరుంది. దాని కింద మూడో వరస గుడ్డ ఆ లోయ వైపు 2.7 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. లోయ 2.77 దాకా తెరుచుకుని ఉంది. ఆ తేడా బియ్యపు గింజ మందం, మీకు కనిపించిన పోగులు అవే. అయిదో వరసకి లోయ 3.7 దాకా పోతే, కింద నాలుగో వరస గుడ్డ 3.25 దగ్గరే అయిపోతుంది. దాదాపు అర అంగుళం అడుగు గుడ్డ బయటపడింది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, 4 అంగుళాల ముక్కలతో మొదలుపెట్టడం. అప్పుడు అయిదు వరసల దాకా ఎనిమిదేసి ముక్కలు చాలు, మొత్తం 36 ముక్కలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే. రెండోది, 3 అంగుళాల ముక్కలే ఉంచి, మూడు వరసలు అయ్యాక నాలుగు, అయిదు వరసల్లో ఎనిమిదికి బదులు పదహారేసి పెట్టడం. అప్పుడు లోయలు లోతు తక్కువగా ఉంటాయి, కింది గుడ్డ ఎక్కడా తక్కువ పడదు. ముక్కలు 52 అవుతాయి, పని ఎక్కువ, కానీ నక్షత్రం చామంతి పువ్వులా సన్నటి రేకులతో వస్తుంది. చేయి తిరిగాక ఇదే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఇక గుడ్డ. ఇక్కడ క్విల్టు షాపుల్లో రంగురంగుల సాదా నూలు గుడ్డ గజాల లెక్కన దొరుకుతుంది. మీకు దానికోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మీ ఊళ్లో ఏ మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినా జాకెట్ గుడ్డలు నేల నుంచి పైకప్పు దాకా పేర్చి ఉంటాయి, ఒక్క మెరూన్‌లోనే పది ఛాయలు తీసి చూపిస్తారు. అందులో అచ్చం నూలు టూ బై టూ అడగండి. పాలిస్టర్ కలిసింది వద్దే వద్దు. మడత నిలవదు, ఇస్త్రీ చేసిన గంటకే త్రికోణం నోరు తెరుస్తుంది. అనుమానం ఉంటే ఒక పోగు లాగి వెలిగించి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

ఆ గుడ్డ అడ్డం సుమారు 36 అంగుళాలు ఉంటుంది. అంచులు వదిలేసినా 4 అంగుళాల పట్టీ ఒకటి కోస్తే ఎనిమిది ముక్కలు వస్తాయి, అంటే ఒక పట్టీ ఒక వరసకి సరిగ్గా సరిపోతుంది. అర మీటరు కొంటే నాలుగు పట్టీలు. అయిదు రంగులు అర మీటరు చొప్పున తీసుకుంటే మూడు నాలుగు నక్షత్రాలు కుట్టుకోవచ్చు.

కోసే ముందు గుడ్డని తడిపి ఆరేయండి. ముదురు ఎరుపు, వంగపండు రంగు, నలుపు విడివిడిగా నానబెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. నేనొకసారి ఈ పని బద్ధకించి, పూర్తయిన నక్షత్రాన్ని ఉతికితే వంగపండు రంగు దిగి పక్కనున్న లేత నీలం అంతా మరకలైంది. రెండు వారాల పని. ఆరాక పల్చటి గంజి పెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ఇంట్లో అన్నం వార్చిన గంజి వడకట్టి నీళ్లు కలిపితే చాలు. గంజి పెట్టిన గుడ్డ కాగితంలా మడత పట్టుకుంటుంది. సగం పని అక్కడే అయిపోయినట్టు. నక్షత్రం పూర్తయ్యాక మాత్రం ఒకసారి చల్లటి నీళ్లలో ముంచి గంజి పోగొట్టండి, లేకపోతే బీరువాలో పెట్టినప్పుడు పురుగు పడుతుంది.

ముక్కలు దారం వెంట నిటారుగా కోయాలి. పట్టీని కత్తెరతో కోసేకంటే, అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చింపితే దారం వెంటే చిరుగుతుంది, ఆ చిరుగు వరసని స్కేలు పెట్టి సరిచేసుకోండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మూలలు వంచినప్పుడు త్రికోణం రెండు పక్కలూ క్రాస్ మీద, అంటే దారానికి ఐమూలగా పడతాయి. జాకెట్ కుట్టేవాళ్లకి క్రాస్ సంగతి చెప్పక్కర్లేదు, చేత్తో కొంచెం లాగితే సాగిపోతుంది. ముక్క మొదటే వంకరగా కోస్తే ఒక పక్క సాగుతుంది, ఇంకో పక్క సాగదు, మొన పక్కకి వాలుతుంది. ఇస్త్రీ పెట్టెని మడత మీద పెట్టి ఎత్తండి, అటూ ఇటూ తోయకండి. మీ బ్లాకు అప్పడంలా తిరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అడుగు గుడ్డ గురించి ఎవరూ పట్టించుకోరు, బరువంతా మోసేది అదే. ఉతికిన మల్లు గుడ్డ 10 అంగుళాల చదరం తీసుకోండి, దానికి ముక్కలకంటే చిక్కగా గంజి పెట్టండి. నిలువుగా, అడ్డంగా, రెండు మూలల వెంటా మడిచి ఇస్త్రీ చేస్తే కేంద్రం నుంచి ఎనిమిది గీతలు వస్తాయి. వాటి మీద పెన్సిల్‌తో స్కేలు పెట్టి గీయండి. తర్వాత ప్రతి గీత మీదా కేంద్రం నుంచి అర అంగుళం, 1, అంగుళంన్నర, 2 అంగుళాల దగ్గర చుక్కలు పెట్టండి. ఎనిమిది గీతల మీద నాలుగేసి, మొత్తం 32 చుక్కలు. ముగ్గు వేసే చేతులకి ఇది కష్టం కాదు. కొందరు వృత్తాలు గీస్తారు, నాకు చుక్కలే నయం. మొన ఆనాల్సింది చుక్క మీద, గీత మీద కాదు.

ఇప్పుడు మీ చిల్లు దగ్గరికి వస్తాను.

మొదటి వరస ముక్కని మడిచేటప్పుడు సగానికి మడిచిన తర్వాత ఒక్క క్షణం ఆగండి. పై మడత అంచుకి సరిగ్గా మధ్యలో గోటితో ఒక చిన్న గీటు పెట్టండి. మొన అక్కడే పుట్టాలి. చాలామంది ఈ గీటు పెట్టకుండా కళ్లతో అంచనా వేసి మూలలు వంచేస్తారు. ఒక మూల నూలు వాసి ఎక్కువ వంగితే మొన మధ్యలో ఉండదు. నాలుగు ముక్కల్లో నాలుగు నూలు వాసులు కలిస్తే పెసరగింజ. మూలలు రెండూ చీలిక దగ్గర తాకాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు.

చీలిక ఉన్న వైపు పైకి పెట్టండి. కొందరు నున్నగా ఉంటుందని వెనక వైపు పైకి పెడతారు. నాకది నచ్చదు. చీలిక పైకి ఉంటే దాన్ని అడుగు గుడ్డ మీది గీతతో కలిపి పెట్టుకోవచ్చు, ముక్క నిటారుగా ఉందో లేదో కంటికి తెలిసిపోతుంది. పైగా ఆ సన్నటి చీలిక నీడే నక్షత్రానికి లోతు ఇచ్చేది.

ముందు ఎదురెదురుగా రెండు ముక్కలు పెట్టండి, పైదీ కిందదీ. మొనలు కేంద్రం దగ్గర ఆపకండి, నూలుపోగంత దాటించండి. మడతలో గుడ్డ మందం కొంత తినేస్తుంది కాబట్టి, కేంద్రం దగ్గరే ఆపితే కుట్టాక మొన వెనక్కి పోతుంది. గుండుసూదులు అడుగు వైపు గుచ్చండి, మొనల దగ్గర కాదు. తర్వాత ఎడమ, కుడి. నాలుగూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బిగుతుగా నిలబడతాయి. అప్పుడు సన్నటి సూదిలో అదే రంగు దారం ఒంటిపోగు ఎక్కించి కింద నుంచి పైకి తెచ్చి, ఒక మొన కొసలో రెండు పోగుల గుడ్డ మాత్రమే పట్టుకుని, ఎదుటి మొనకి, మళ్లీ పక్క మొనకి, నాలుగో మొనకి వెళ్లి కిందికి దించండి. దారాన్ని మెల్లగా లాగితే నాలుగు మొనలూ ముడుచుకుని దగ్గరవుతాయి. ముడి వెనక వేయండి. మొనలు కదలకుండా నిలిచాకే అడుగులు కుట్టాలి.

ఈ చివరి మాట నాది కాదు. చాలా ఏళ్ల కిందట లాంకాస్టర్ వైపు ఒక పొలం ఇంటి ముందు చేత్తో రాసిన బోర్డు చూసి ఆగాం, క్విల్టులు అమ్మబడును, ఆదివారం లేదు అని ఉంది. లోపల గదిలో కిటికీ పక్కన ఒక పెద్దావిడ ఇనుప తొక్కుడు మిషన్ ముందు కూర్చుని ఉంది. పాత కట్టుబాట్లు గట్టిగా పాటించే ఆమిష్ ఇళ్లలో బయటి కరెంటు తీగ ఉండదు, అందుకే ఆవిడది కాలితో తొక్కే మిషన్. అచ్చం మా అమ్మమ్మ గారింట్లో ఉన్నట్టే ఇనుప జాలీ తొక్కుడు పలక, పక్కన తోలు బెల్టు. ఆవిడ ఒళ్లో సగం అయిన మడతల నక్షత్రం ఉంది. నేను చూస్తుంటే ఒక మొనని వేలిగోటితో నొక్కి పట్టి, సూది దించి, దారం తెంపి, ఇంకో మొనకి వెళ్లింది. ఎనిమిది మొనలు అయ్యేదాకా ఒక్క అడుగు కూడా కుట్టలేదు. "మొనలు ముందు, అడుగులు తర్వాత. అడుగులు ఎటూ పోవు" అంది. అప్పటిదాకా నేను ముక్కకి ముక్క పూర్తిగా కుట్టుకుంటూ పోయేదాన్ని, నా నక్షత్రాలన్నీ ఒక పక్కకి తిరిగి ఉండేవి. ఆ రోజు నుంచి తిరగలేదు.

రెండో వరస నుంచి పద్ధతి ఒకటే. గడియారంలో అంకెల్లా అనుకోండి. 12, 6, 3, 9 దిక్కుల్లో నాలుగు ముందు పెట్టి మొనలు కుట్టండి, తర్వాత మూలల గీతల మీద నాలుగు. ఎప్పుడూ ఎదురెదురుగానే వెళ్లాలి, వరసగా చుట్టూ తిరిగితే గుడ్డ ఒక పక్కకి జరుగుతుంది. మూలల ముక్కలు పైన పడతాయి, నిటారు ముక్కలు కింద ఉంటాయి. ఇలా కాకుండా ఒక్కో ముక్క కుడి పక్కని పక్క ముక్క కిందికి దూర్చి, చివరి దాన్ని మొదటి దాని కిందికి దూర్చే పద్ధతి కూడా ఉంది, గాలిమరలా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఏదైనా బాగుంటుంది. ఒకే నక్షత్రంలో రెండూ కలపకండి.

అడుగుల కుట్టు తెరిచిన అంచు నుంచి పావు అంగుళం లోపల, కచ్చాగా, పొడుగు కుట్లతో వేయండి. దారం బిగించొద్దు. అప్పడంలా తిరగడానికి పెద్ద కారణం ఇదే. వరస పూర్తయ్యాక బల్ల మీద పరిచి అరచేత్తో రాస్తే ఎక్కడైనా ఉబ్బు తగిలితే, ఆ కచ్చా దారాన్ని అక్కడ తెంపేయండి, వదులవుతుంది. తర్వాత పై నుంచి ఇస్త్రీ పెట్టె నొక్కి, పూర్తిగా చల్లారాకే పై వరస మొదలుపెట్టండి. వేడిగా ఉన్నప్పుడు ఎత్తితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. ఎంబ్రాయిడరీ రింగులో బిగించి మాత్రం కుట్టకండి. రింగు తీయగానే అడుగు గుడ్డ ముడుచుకుంటుంది, పైన ముక్కలు ముడుచుకోవు.

అయిదు వరసలు అయ్యాక బ్లాకు చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. 36 ముక్కల గుడ్డ 8 అంగుళాల చుట్టులో ఇరికింది, లెక్క కడితే సగటున పదకొండు పొరలు. అందుకే దీని కింద దూది పెట్టి పై నుంచి కిందిదాకా కుట్లు వేసే మాట మర్చిపోండి, సూది దిగదు. చుట్టూ ఉన్న నల్ల గుడ్డలో మాత్రం దూది పెట్టి కుట్టుకోవచ్చు. ఇదే కారణంగా మంచం మీద కప్పుకునే పెద్ద క్విల్టంతా ఈ నక్షత్రాలతో నింపొద్దని కూడా చెప్తాను. గోడకి వేలాడదీసేదానికి, దిండు కవరుకి, వేడి గిన్నె కింద పెట్టే ప్యాడ్‌కి ఇది చక్కగా సరిపోతుంది. లాంకాస్టర్ దుకాణాల్లో కూడా ఎక్కువగా ఆ ప్యాడ్‌లుగానే కనిపిస్తుంది.

బయటి అంచులు దాచడానికి నల్ల గుడ్డ 12 అంగుళాల చదరం కోయండి. దాని మంచి వైపు మీద పల్చటి లైనింగ్ ముక్క పెట్టి, మధ్యలో మూడున్నర అంగుళాల వ్యాసార్ధంతో గుండ్రంగా గీసి, ఆ గీత మీదే మిషన్ కుట్టు చిన్న కుట్లతో వేయండి. లోపలి గుడ్డ పావు అంగుళం ఉంచి కోసేసి, ఆ పావు అంగుళానికి చుట్టూ దగ్గర దగ్గరగా కత్తెర గాట్లు పెట్టండి, గాటు కుట్టుకి ఒక పోగు దూరం దాకా వెళ్లాలి. లైనింగ్‌ని రంధ్రంలోంచి వెనక్కి తిప్పి ఇస్త్రీ చేస్తే గుండ్రటి కిటికీ తయారు. దీన్ని నక్షత్రం మీద పెట్టి, ఎనిమిది మొనలూ కిటికీ అంచుకి సమాన దూరంలో ఉన్నాయా అని స్కేలుతో కొలిచి, అప్పుడు గుండుసూదులు గుచ్చండి. మిషన్ మీద కుట్టేట్టయితే 16 నంబర్ సూది వేసి మెల్లగా తొక్కండి. నేనైతే చేత్తోనే, కుట్టు పైకి కనిపించకుండా కుడతాను.

వేడి గిన్నెల ప్యాడ్ చేస్తుంటే, లోపల పెట్టే దూది, దారం, గుడ్డ అన్నీ నూలువే ఉండాలి. పాత నూలు టవల్ రెండు పొరలు పెట్టినా చాలు. నా మొదటి ప్యాడ్‌లో ఏం దూదో చూసుకోకుండా పాలిస్టర్ పెట్టేశాను. పొయ్యి మీంచి దించిన ఇనప మూకుడు పెడితే లోపల కరిగి అట్ట కట్టింది.

ఇక మీరు అడిగిన నిండుతనం. అది ప్రింట్లతో రాదమ్మా, ఎంత మంచి ప్రింట్లైనా సరే. ఆమిష్ వాళ్లు 18వ శతాబ్దం మొదట్లో పెన్సిల్వేనియాకి వచ్చారు, కానీ క్విల్టులు యూరప్ నుంచి వెంట తెచ్చుకోలేదు. ఇక్కడి ఇరుగుపొరుగును చూసి 19వ శతాబ్దం రెండో సగంలో నేర్చుకున్నారు. నేర్చుకున్నా తమ కట్టుబాటుకి తగ్గట్టు మార్చుకున్నారు. పూల ప్రింట్లు డాబు కింద లెక్క, అందుకే సాదా రంగులే. లాంకాస్టర్‌లో సుమారు 1880 నుంచి 1940 దాకా కుట్టిన పాత క్విల్టులు ఎక్కువగా సన్నటి ఉన్ని గుడ్డతో ఉంటాయి, మధ్యలో ఒక పెద్ద వజ్రాకారం, లేదా పక్కపక్కనే వెడల్పు పట్టీలు, లేదా చిన్న చదరాలు వెలుగునీడల్లా అలలుగా. మెరూన్, వంగపండు, ముదురు నీలం, నెమలికంఠం, ఆకుపచ్చ, నిప్పులాంటి ఎరుపు. తెలుపు దాదాపు కనిపించదు. ఒహైయో వైపు ఆమిష్ వాళ్లు నూలు వాడారు, నేపథ్యానికి నలుపు ఎక్కువ. 1971లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం పాత అమెరికన్ క్విల్టుల్ని గోడలకి చిత్రాల్లా వేలాడదీసి ప్రదర్శన పెట్టాక, ఈ రంగుల మీద కళాప్రియుల కన్ను పడింది. 2001లో అమెరికా తపాలా శాఖ ఆమిష్ క్విల్టుల మీద నాలుగు స్టాంపులు వేసింది, అందులో ఒకటి పెద్ద నక్షత్రం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ స్టాంపు మీదున్న నక్షత్రం వజ్రాకారపు ముక్కలు అతికినది, మడతలది కాదు. మడతల నక్షత్రాన్ని సోమర్సెట్ నక్షత్రమని కూడా అంటారు, దీన్ని ఆమిష్ వాళ్లే కనిపెట్టారని నేను చెప్పను. వాళ్ల పాత పెద్ద క్విల్టుల్లో ఇది కనిపించేది కాదు. పర్యాటకులకి అమ్మే చిన్న వస్తువుల్లో వచ్చి చేరింది. ఆ దుకాణాల్లో అమ్మే పని కూడా ఒక్క ఆమిష్ చేతులదే కాదు. లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చి లాంకాస్టర్‌లో స్థిరపడ్డ మోంగ్ తెగ ఆడవాళ్లు 1980ల నుంచి ఎన్నో క్విల్టులకి ముక్కలు కోసి, అతికి, కుట్టి ఇచ్చారు, వాళ్ల చేతి నేర్పు వాటిలో ఉంది. కాబట్టి మీరు కుట్టినదాన్ని "ఆమిష్ పద్ధతి" అనండి, "ఆమిష్" అనకండి. అమ్మే ఉద్దేశం ఉంటే ఈ తేడా మరీ ముఖ్యం.

ఆ పద్ధతి అంతా రంగులోనే ఉంది. మధ్య నుంచి బయటికి నేను ఎక్కువగా వాడే వరస చెప్తాను: నిప్పు ఎరుపు, మెరూన్, నెమలికంఠం, వంగపండు, ముదురు నీలం, చుట్టూ నలుపు. ముదురు రంగులన్నీ పక్కపక్కనే పెడితే కలిసిపోతాయని భయపడతారు. కలిసిపోవు, నల్లటి అంచు తగలగానే ఒక్కొక్కటీ దీపం వత్తి పెంచినట్టు లేస్తుంది. ఏ రంగు ఎక్కడ పెట్టాలో తేలకపోతే, అయిదు ముక్కలూ పక్కపక్కన పరిచి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. పక్కపక్క వరసల్లో రెండు ఒకే బూడిద రంగులో కనిపిస్తే, ఒకదాన్ని వేరే చోటికి మార్చండి. మన బొంతల్లో పాత చీరల పువ్వులూ అంచులూ అన్నీ కలిసి ఒక అందం ఇస్తాయి, ఆ అందం వేరు. దాన్ని ఈ నక్షత్రంలోకి తేవాలనుకుంటే మడతలే కనిపించవు. పువ్వు ఉన్నచోట కన్ను పువ్వుని చూస్తుంది, మడత అంచుని చూడదు.

మీరు కుట్టేసిన మూడు బ్లాకులు పారేయకండి. నాలుగు, అయిదు వరసలు విప్పేయండి. మొదటి మూడు వరసల్లో మీ లెక్క సరిపోయింది, అక్కడ పోగులు కనిపించవు. ఒకదానికి 16 గీతలు గీసుకుని పదహారేసి ముక్కలతో రెండు వరసలు మళ్లీ పెట్టండి, కిటికీ వ్యాసార్ధం మూడుంపావు తీసుకోండి. మిగతా రెండింటికీ మూడు వరసల దగ్గరే ఆపేసి, రెండుంపావు వ్యాసార్ధంతో కిటికీ కోసి చిన్న ప్యాడ్‌లు చేయండి. చిల్లు దగ్గర మాత్రం మొదటి వరస మొనల్లోంచి నేను చెప్పినట్టు దారం తిప్పి మెల్లగా లాగి చూడండి. పెసరగింజంత అయితే ఆవగింజంతకు వస్తుంది. అప్పుడు అదే రంగు దారంతో రెండు ముడి కుట్లు వేస్తే మూసుకుపోతుంది. బటన్ కుట్టి దాచేవాళ్లున్నారు, కానీ నాలుగు మొనలు కలిసే ఆ చుక్కే ఈ నక్షత్రంలో చూడాల్సిన చోటు, దాన్ని కప్పేయొద్దు.

కొత్తది మొదలుపెట్టినప్పుడు రెండో వరస అయ్యాక ఒక ఫొటో పెట్టండి, ముందు వైపూ వెనక వైపూ. మొనలు ఎటు వాలుతున్నాయో, దారం ఎక్కడ బిగిసిందో ముందు వైపు కంటే వెనక కుట్లు చూస్తేనే బాగా తెలుస్తుంది.